తోడేలు అంటే నిజంగా తోడేలేనా? రెడ్ రైడింగ్ హుడ్ కథ అసలు ఏం చెబుతోంది

ఎర్ర టోపీ పాప కథ మీ అందరికీ తెలుసు. అడవి, అమ్మమ్మ, తోడేలు. చివర్లో వేటగాడు వచ్చి కాపాడేస్తాడు, కదా?

ఆ వేటగాడు 1812లో గ్రిమ్ సోదరులు వేసిన కథలో ఉంటాడు. అంతకుముందే, 1697లో, ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో ఇదే కథ అచ్చువేశాడు. అందులో ఎవ్వరూ రారు. తోడేలు అమ్మమ్మని తినేస్తుంది, తర్వాత పాపని కూడా. అంతే, కథ అయిపోయింది!

పిల్లల కథ ఇంత భయంకరంగా ఎందుకు? ఎందుకంటే పెరో చెప్పేది జంతువు గురించి కాదు. కథ చివర ఆయన ఒక నీతి పద్యం పెట్టాడు. దాని సారాంశం ఇదీ: తోడేళ్లన్నీ ఒక రకం కాదు. కొన్ని కోపం చూపించవు, మెత్తగా మాట్లాడతాయి, అమ్మాయిల వెంట ఇంటిదాకా వస్తాయి. అన్నిటికన్నా ప్రమాదం అవే. అంటే, తోడేలు ఇక్కడ మనిషి!

ఇప్పుడు చిన్న గ్రామర్. "వాడు తోడేలులాంటోడు" అంటే ఉపమ. "వాడు తోడేలు" అంటే రూపకం. కథ మొత్తం ఒకటి చెబుతూ ఇంకోటి సూచిస్తే అన్యాపదేశం. మనం "గోముఖ వ్యాఘ్రం" అంటాం చూశారా, ఆవు ముఖం పెట్టుకున్న పులి? గొంతు మార్చి, దుప్పటి కప్పుకుని పడుకున్న ఈ తోడేలు అచ్చం అదే.

మరి ఎరుపు రంగు? రక్తం అంటారు, యవ్వనం అంటారు. పెరో మాత్రం అర్థం చెప్పలేదు. తోడేలు గుట్టు ఆయనే విప్పాడు, ఎరుపుని మాత్రం మనకే వదిలేశాడు. కాబట్టి "ఎరుపుకి ఇదొక్కటే అర్థం" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేయకండి.

ఇంకో పాయింట్. తోడేలు మొదట కరవలేదు, అడిగింది. ఎక్కడికెళ్తున్నావ్? అమ్మమ్మ ఇల్లు ఎక్కడ? ఇన్‌బాక్స్‌లో తెలియనివాళ్లు "ఎక్కడుంటావ్, ఇంట్లో ఎవరున్నారు" అని తియ్యగా అడిగితే ఈ సీన్ గుర్తుచేసుకోండి.

పాపది తప్పా? తోడేలుతో మాట్లాడటం ప్రమాదమని ఆ పిల్లకి తెలియదని కథలోనే ఉంది. ఎవరూ చెప్పలేదు మరి! మోసం చేసింది తోడేలు. అందుకే మీ ఇంట్లో చిన్న చెల్లికో తమ్ముడికో ఈ కథ చెప్పినప్పుడు, తోడేలు ఎవరో కూడా చెప్పండి.

ఇంకో కథతో మళ్లీ కలుద్దాం. బై!