కాలయంత్రము తడబడిన చోటు

మెచ్చిన కృతియందు దోషము కనబడినప్పుడు రసికుడు చేయవలసినదేమి? దోషమును కప్పిపుచ్చుట అభిమానము కాదు; దోషమొకటి దొరకినదని కృతినంతను త్రోసివేయుట విమర్శ కాదు. ఒకప్పుడు కావ్యములను గూర్చి పండితులు చేసిన ఈ వాదమునే నేడు చలనచిత్రములను గూర్చి ప్రేక్షకులు చేయుచున్నారు. తెలుగున అట్టి వాదమునకు తగిన చిత్రము 'ఆదిత్య 369'. 1991లో వెలువడిన ఈ చిత్రము 2025 ఏప్రిల్ నెలలో మెరుగులు దిద్దుకొని మరల ప్రదర్శనకు వచ్చినది. తండ్రులు చిన్ననాడు చూచినదానిని బిడ్డలు చూచిరి. పాత వాదమునకు క్రొత్త వాదులు దొరకిరి.

ఈ చిత్రమునకును నెల్లూరు సీమకును చుట్టరికము కలదు. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు ఈ జిల్లావారు. చిత్రమున కనిపించు కృష్ణదేవరాయలును సంగము, ఆత్మకూరు ప్రాంతముల పిల్లలకు దూరపువాడు కాడు. పడమట నున్న ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలుచుటకు ఆయన 1513లో ముట్టడి ప్రారంభించెను. దుర్గము 1514లో గాని లొంగలేదు. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును ఆయన విజయనగరమునకు గొనిపోయి, ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నది. చిత్రకథకును ఇట్టి వస్తువే ఆధారము: రాయల కాలపు వజ్రమొకటి మ్యూజియమును చేరినది, దానిపై దొంగల కన్ను పడినది.

ప్రొఫెసర్ రాందాసు నిర్మించిన కాలయంత్రము నెక్కి కథానాయకుడు కృష్ణకుమారుడును, హేమయు మొదట 1526వ సంవత్సరమునకు, అనగా 465 ఏండ్లు వెనుకకు పోవుదురు. తరువాత 2504నకు, అనగా 513 ఏండ్లు ముందునకు పోవుదురు. మొదటి ప్రయాణమున రాయల కొలువు, తెనాలి రామకృష్ణుడు, ఆటపాటలు. రెండవదానియందు, మూడవ ప్రపంచ యుద్ధానంతరము అణుధార్మిక కిరణములకు వెరచి భూగర్భమున తలదాచుకొన్న మానవజాతి. మొదటి ఘట్టము ప్రేక్షకుని మనసున నిలిచినది. రెండవది వెలవెలబోయినదని పలువురి ఫిర్యాదు.

ఆక్షేపణలు మూడు విధములు. మొదటిది చరిత్రకు సంబంధించినది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాతను బట్టి, రాయలు తన బాలకుమారునకు పట్టము కట్టుటయు, ఆ బాలుడు మరణించుటయు, మంత్రి తిమ్మరుసు కారాగారము పాలగుటయు ఆయన పాలన కడపటి ఏండ్లలో జరిగినవి. కుమారుడు తిరుమలరాయని పేరిటి శాసనములు 1524 నాటివి. అట్లయిన 1526లో ఆ కొలువున అంతటి ఉల్లాసము పొసగునా? 'పాండురంగమాహాత్మ్యము' రాయల తరువాతి కాలపు రచన యని పలువురు పండితుల మతము. మరి రామకృష్ణుడు ఆ సభయందు ఎట్లుండెను? అభిమానుల సమాధానము సులువైనది: జనుల నాలుకపై జీవించిన రాయల కొలువునే చిత్రము చూపినది. ఈ సమాధానము కథకు చాలును. చరిత్ర పాఠమునకు చాలదు. ఉపాధ్యాయుడు ఈ భేదమును తరగతిలో చెప్పిన చాలును; చిత్రమును నిందింప బనిలేదు.

రెండవ ఆక్షేపణ శాస్త్రమునకు సంబంధించినది. మిక్కిలి వేగముగా పోవువానికి కాలము మెల్లగా నడచునని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించెను. 1971లో అణుగడియారములను విమానములలో భూమి చుట్టును త్రిప్పి, కాలమున స్వల్పభేదమును కొలిచి చూచిరి. కావున ముందునకు పోవుట సూత్రరీత్యా అసంభవము కాదు. భాగవతము చదివినవారికి ఇది వింతయు కాదు. రైవతుడు కుమార్తె రేవతిని వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయి, అచ్చట గానము ముగియువరకు నిలిచినంతలో భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచిపోలేదా? వెనుకకు పోవు దారిని మాత్రము ఏ ప్రయోగమును చూపలేదు. విచిత్రమేమనగా, శాస్త్రము తలుపు మూసిన దిక్కున చిత్రము చక్కగా నడచినది. తలుపు ఓరగా తెరచిన దిక్కున తడబడినది.

ఇదియే మూడవ ఆక్షేపణ; అన్నిటికంటె బలమైనది. భవిష్య ఘట్టమును సమర్థించువారు ఆ నాటి సాధనముల కొరతను చూపుదురు. కంప్యూటరు చిత్రములు నేటివలె చేతికందని కాలమున అట్టమీద, చెక్కమీద రేపటి లోకమును కట్టవలసి వచ్చెనందురు. ఇందు నిజము కలదు. కాని ధనముతోను యంత్రములతోను పనిలేని కాగితముపై 1895లో హెచ్.జి. వెల్స్ 'కాలయంత్రము' నవల వ్రాసెను. అందలి యాత్రికుడు 802701వ సంవత్సరమునకు పోవును. నేలపై సుకుమారులైన సోమరులు, నేలక్రింద యంత్రములు నడపు భయంకరులు. ధనికులును, శ్రామికులును తరతరములుగా వేరుపడి రెండు జాతులైరని వెల్స్ ఊహ. అచ్చట ప్రతి వింతకును మన లోకమున ఒక కారణము కలదు. మన చిత్రమున భూగర్భవాసమునకు యుద్ధము కారణమైనది. కాని అచ్చటి మనుష్యుల ఆశలు, తగవులు, దుఃఖములు మనకు పరిచితములు కాలేదు. లోకము కనబడినది, లోకులు కనబడలేదు.

దీనికి దర్శకునొక్కనినే తప్పుపట్టుట న్యాయము కాదు. రాయల కొలువును ఆయన ఒంటరిగా నిర్మింపలేదు. హంపి శిథిలములు, చాటుపద్యములు, అవ్వలు చెప్పిన రామలింగని కథలు, పాఠ్యపుస్తకములు నాలుగు వందల ఏండ్లుగా ఆ సభను అలంకరించి ఉంచినవి. 2504నకు అట్టి సామగ్రి మన భాషలో స్వల్పము. గతమును తలచుట మనకు అలవాటు. రానున్న దానిని కారణసహితముగా ఊహించుట అరుదు.

ఆ కొరత తీరవలసినది బడిలోనే. సంగమువద్ద పెన్నపై పందొమ్మిదవ శతాబ్దమున ఆనకట్ట కట్టిరి. 2022లో క్రొత్త బ్యారేజి ప్రారంభమైనది. ఉదయగిరి ముట్టడిని వర్ణింపుమని వ్యాసము వ్రాయించు ఉపాధ్యాయుడు, 2504లో పెన్న ఎట్లుండును, దాని నీరు ఎవరికి చేరును, ఎందుచేత అని మరియొక వ్యాసమును వ్రాయింపవచ్చును. వ్రాసిన ప్రతి మాటకును విద్యార్థి కారణము చెప్పవలెను. అట్టి వ్యాసములు వ్రాసి పెరిగిన వాడెవడో ఒకడు రేపు కథ వ్రాయునాడు, రెండవ ప్రయాణమును మొదటిదానంత చక్కగా నడపగలడు.