హెచ్‌బీఎస్‌ఏజీ

పుట్టపర్తిలోనైనా, పక్క పల్లె పీహెచ్‌సీలోనైనా గర్భిణికి రాసే రక్తపరీక్షల చీటీలో ఉండే పేరిది. హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని ప్రొటీన్. రక్తంలో కనిపిస్తే ఇన్ఫెక్షన్ ఉన్నట్టు లెక్క. శుద్ధిచేయని సూది, జాతరలో పొడిపించుకున్న పచ్చబొట్టు, సరిగా పరీక్షించకుండా ఎక్కించిన రక్తం, భర్తకున్న వైరస్... దారులు చాలా. పుట్టుకతోనే తల్లి నుంచీ వచ్చి ఉండొచ్చు. పాజిటివ్ అనగానే కోడలి నడతను శంకించడం అన్యాయం.

అసలు ముప్పు బిడ్డకు. కాన్పు సమయంలో సోకితే సుమారు 90 శాతం మందిలో దీర్ఘకాలం తిష్ఠవేస్తుంది. పెద్దయ్యాక కాలేయం గట్టిపడొచ్చు, క్యాన్సరూ రావొచ్చు. అడ్డుకట్ట: బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా, తల్లి పాజిటివైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా. రీకాంబినెంట్ పద్ధతిలో ఈ టీకాను దేశంలో తొలిసారి 1997లో తెచ్చింది మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్సే. సర్కారు ఆస్పత్రిలో టీకా ఉచితం. కాన్పుకు ముందే అడిగి ఉంచండి.