పన్ను నిలిపినవానికే పేరు

‘పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయి అయిననేమి’ అను సామెత తెలుగునాట ఎరుగనివారు లేరు. కడప జిల్లా వేంపల్లెలో ఆ రాళ్ళకు కొదువ లేదు. ఆ చుట్టుపట్టుల నేలలో పరచుకొన్న సున్నపురాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టిరి. దాదాపు 190 కోట్ల యేండ్లకు పైబడిన రాయి అది. దాని ముందు మనుష్యుని పన్ను ఎంతటిది? అయినను ఒక పన్ను పోటెత్తిన రాత్రి ఇంటిల్లిపాదికిని జాగారమే. ఆ రాత్రి గడుచువరకు పంటిని తలచినవాడు లేడు. నొప్పి తగ్గిన మరునాడు తలచువాడును లేడు. సామెతలోని నిర్లక్ష్యమే మన నిత్యజీవితమునందును ఉన్నది. ఇట్టి జనుల నడుమ ఒక చిన్న పట్టణమున దంతవైద్యశాల నెలకొల్పి నిలద్రొక్కుకొనుట ఎట్లు?

వేంపల్లె కడపనుండి పులివెందులకు పోవు దారిలో ఉన్నది. చీనీతోటల రైతులు, వేరుసెనగ పండించు మెట్టరైతులు, కూలివారు తమ అవసరములకు ఆ ఊరికే వత్తురు. సమీపమున పాపాఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి సన్నిధి కలదు. ఇడుపులపాయలో 2008లో వెలసిన సాంకేతిక విద్యాప్రాంగణము వేలాది విద్యార్థులను ఈ ప్రాంతమునకు తెచ్చినది. పంటి నొప్పి ఓర్వలేక వచ్చు రైతు ఒకవైపు, పలువరుస సరిచేయించుకొనగోరు విద్యార్థి మరొకవైపు. ఇద్దరిని ఒక్క కుర్చీలోనే కూర్చుండబెట్టవలసినవాడు పల్లెపట్టు దంతవైద్యుడు.

మన దేశమున ఈ వృత్తికి శాస్త్రీయమైన చదువు ఆలస్యముగా వచ్చినది. అమెరికాలో దంతవైద్యము నేర్చివచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించెను. ఆ కళాశాలకు పెట్టుబడి ఆయన నడిపిన ఐస్‌క్రీము దుకాణపు రాబడినుండి సమకూడెనట! తీపి అమ్మిన సొమ్ముతో పంటివైద్యము నేర్పుట విధివిలాసమే గదా. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. నేడు కడపలోనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. అయినను చదువు వచ్చినంత వేగముగా నమ్మకము రాదు.

వైద్యశాల తెరచుట తేలిక పని కాదు. మీట నొక్కిన వాలు కుర్చీ, గాలియంత్రము, ఎక్స్‌రే, పరికరములను ఆవిరిలో శుద్ధిచేయు ఆటోక్లేవు, కరెంటు పోయిన నాటికి ఇన్వర్టరు, ఇవియన్నియు కొనవలసినవే. పెక్కుమంది అప్పుతోనే మొదలుపెట్టుదురు. గది అద్దె, సహాయకుని జీతము, గడువు తీరిన పిమ్మట పారవేయవలసిన మందులు రోగి వచ్చినను రాకున్నను ఆగవు. ఈ లెక్కల నడుమనే వైద్యునికి తొలి పరీక్ష ఎదురగును.

పొలమునుండి వచ్చిన అవ్వ చెంప పట్టుకొని కుర్చీలో కూలబడి, “నొప్పికి చస్తాండా నాయనా, పీకి పారేయ్!” అనును. పెరికిన కొలది నిమిషములలో పని ముగియును, రుసుము చేతికి వచ్చును, అవ్వయు సంతోషించును. పంటివేరు శుద్ధిచేసి నిలుపవలెనన్న రెండు మూడు మారులు రావలెను. ఖర్చు హెచ్చు, ఓపిక హెచ్చు. “ఈ పన్ను నిలబడుతుందవ్వా, రెండు తూర్లు రావాల, ఇంత అవుతుంది” అని ముందుగా చెప్పువాడు ఆ దినమున నష్టపోయినట్లే కనబడును. కాని ఆ అవ్వ మరల సంగటి ముద్దకు తోడు వేరుసెనగ పప్పు నమలగలిగిన నాడు, ఊరంతయు ఆమెయే వైద్యుని తరఫున చెప్పును. ఏ పత్రికా ప్రకటనకును అంతటి బలము లేదు.

పెరుకవలసిన పళ్ళు లేకపోలేదు. అట్టివానిని నిలుపబూని రోగి సొమ్ము వ్యర్థపరచుటయు తప్పే. ఏది నిలుచునో ఏది నిలువదో అద్దములో చూపి, ఎక్స్‌రే పట్టి చూపి, రుసుము ముందే తెలిపి, నిర్ణయము రోగికే విడుచుట ఉత్తమ మార్గము. తన చేతికి మించిన పనియని తోచినపుడు కడపకు పంపుట వృత్తికి చిన్నతనము కాదు. పుగాకు నమలువాని బుగ్గలో తెల్లమచ్చ కనబడి, అది మానక నిలిచినచో వెంటనే పైవైద్యమునకు పంపవలెను. పుట్టకురుపును (క్యాన్సరును) ముందుగా కనిపెట్టు అవకాశము పెక్కుమార్లు దంతవైద్యునిదే. ఒకరి నోటిలో పెట్టిన పరికరమును శుద్ధిచేయక మరొకరి నోటిలో పెట్టుట మాత్రము ఏ తొందరలోనైనను క్షమింపరాని దోషము.

ఇంత చేసినను సగము పనియే. తక్కిన సగము పాఠశాలలో ఉన్నది. ఆరేళ్ళ ప్రాయమున పిల్లల దవడ చివర ఒక పెద్ద దంతము మొలచును. పాలపన్ను ఏదియు ఊడకయే వచ్చును గనుక తల్లులు దానిని పాలపన్ననియే తలచి, పుచ్చినను ఊరకుందురు. అది జీవితాంతము నిలువవలసిన పన్ను. పోయిన మరల రాదు. పాలపళ్ళు 20, స్థిరమైన పళ్ళు 32 అని పిల్లలకు నేర్పు ఉపాధ్యాయుడు ఈ ఒక్క మాట చేర్చిన ఎన్నియో నోళ్ళు బాగుపడును. ఆటస్థలమున దెబ్బతగిలి స్థిరదంతము ఊడిపడినచో దానిని వేరు తాకకుండ పైభాగమున పట్టుకొని, పాలలో ఉంచి, గంటలోపల వైద్యునికడకు చేర్చినచో తిరిగి అతికించు వీలుండును. ఈ సంగతి తెలియక పారవైచిన పళ్ళెన్నియో!

మెట్టసీమకు మరియొక ముప్పు నీటిలో ఉన్నది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు వెల్లడించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లిగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. పళ్ళు దవడలో రూపుదిద్దుకొను పసితనమున హెచ్చు ఫ్లోరైడు త్రాగిన పిల్లలకు గోధుమరంగు మరకలు ఏర్పడును. అవి ఎంత తోమినను పోవు. పళ్ళు తోముకొనడని అట్టి బాలుని తరగతిలో నలుగురిలో గద్దించుట అన్యాయము. తోముడు వానిదే గాని, నీరు ఊరిది.

పల్లెవాసులు ఏమియు ఎరుగనివారు కారు. వేపపుల్ల, గానుగపుల్ల మన పెద్దల నిత్యనియమము. ఆ అలవాటును వెక్కిరించువానిని ఊరు ఆదరింపదు. బొగ్గు, ఇటుకపొడి పంటిపై మెరుపును అరుగగొట్టునని నెమ్మదిగా చెప్పి, ఉన్న నియమమునకే రాత్రి తోముటను చేర్చువాడు వారికి ఆప్తుడగును.

దంతవైద్యశాల వర్ధిల్లినదో లేదో తెలిసికొనుటకు పెరికిన పళ్ళను లెక్కింపనక్కరలేదు, అద్దాల తలుపులను చూడనక్కరలేదు. నొప్పి లేకుండగనే, ఒకమారు చూపించుకొని పోదమని బిడ్డను వెంటబెట్టుకొని వచ్చు తల్లుల సంఖ్య చూచిన చాలును. అట్టి తల్లి వచ్చిన దినమున వైద్యునికి రాబడి స్వల్పమే. కాని ఆ ఊర అతని వృత్తి వేరు పారినది ఆ దినముననే. అప్పుడు ఏ రాయి అయిననేమి అను మాట ఆ ఇంట మరి వినబడదు.