పాత సైకిలు: తుప్పు వేఱు, వయస్సు వేఱు

ఆమదాలవలస స్టేషనును రైల్వేవారు నేటికిని శ్రీకాకుళం రోడ్డు అనియే పిలుచుచున్నారు. శ్రీకాకుళము పట్టణమునకు పోవువారు ఇచ్చట రైలు దిగి రోడ్డు పట్టవలసినదే. మోటారు వాహనములు విరివిగా రాక పూర్వము ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకును, గుమాస్తాలకును, చిల్లర వర్తకులకును సైకిలే గుఱ్ఱము. అట్టి బండ్లు కొన్ని నేటికిని పంచలలోను, గాదెల వెనుకను తుప్పుపట్టి పడియున్నవి. పండుగకు ఇల్లు దులుపునప్పుడు అవి గృహిణి కంటబడును. పాత యినుమువానికి వేయుమని యొకరందురు. నిగనిగలాడు రంగు వేయింపుమని మఱియొకరందురు. ఈ రెండు సలహాలును మాకు సమ్మతములు కావు.

రంగు వేయించిన మాత్రమున బండి బాగుపడదు. పైగా చైను కవరుపై ఆనాటి పెయింటరు కుంచెతో వ్రాసిన యింటిపేరును, గొట్టములపై సన్నని బంగారు గీతలును, తాతగారి చేయి పట్టి పట్టి అరిగిన హ్యాండిలు నునుపును ఒక్క పూటలో మాయమగును. వానిని మరల తెచ్చుట ఏ పనివానికిని సాధ్యము కాదు.

అట్లని తుప్పును గూడ జ్ఞాపకచిహ్నముగా భావించి ఊరకుండరాదు. సారవకోట మండలమునందలి బుడితి గ్రామపు ఇత్తడి పాత్రలు మన జిల్లాలో నెఱుగనివారుండరు. ఇత్తడిని తోమకున్న నల్లబడును. ఆ నల్లని పొర సన్ననిదై లోహమును అంటిపెట్టుకొని యుండును గనుక పాత్రకు చేటు రాదు. ఇనుప తుప్పు గుణము వేఱు. అది తాను పుట్టిన యినుముకంటె ఎక్కువ చోటు నాక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా రాలును. రాలినచోట క్రొత్త యినుము గాలికిని తేమకును బయటపడి మరల తుప్పు పట్టును. ఉప్పుగాలి వీచు ఈ తీరప్రాంతమున ఇది మఱింత వేగముగా సాగును. కావున వెలిసిన రంగు, మాసిన గీత, గోధుమవన్నె తిరిగిన మెఱుగు వయస్సు చిహ్నములు. ముట్టిన చేతికంటు ఎఱ్ఱని పొడి వ్యాధి. వ్యాధికి మందు వేసి వయస్సును విడిచిపెట్టుటయే చేయదగినది.

మొదట బండి యేనాటిదో చూడవలెను. ముందు గొట్టముపైని రేకుబిళ్ళ ఆ సంగతి కొంత చెప్పును. కొంగతల గలది ర్యాలీ. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్సు సంస్థ స్థాపితమైన పిమ్మట హెర్క్యులెసు బండ్లు మన దేశముననే తయారగుచు వచ్చినవి. అంతకు పూర్వపువి ఇంగ్లండునుండి వచ్చినవి. కొన్ని పురపాలక సంఘములు సైకిలు పన్ను కట్టించుకొని ఇచ్చిన బిళ్ళ యొకటి యెక్కడనైన వ్రేలాడుచున్నచో దానిని ఊడదీయకుడు.

పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, కదలని మరలకు నూనె చుక్కలు వేసి రెండు దినములు ఊరకుంచవలెను. తొందరపడి బలము చూపిన మర విఱుగును. రంగుపైని మట్టిని కొలది సబ్బునీట తడిపిన మెత్తని నూలుగుడ్డతో తీయవచ్చును. పొందూరు ఖద్దరు చిఱిగినది ఇంటనున్న అంతకంటె మంచి గుడ్డ లేదు. పెట్రోలు, థిన్నరు తగిలిన బంగారు అక్షరములు కరగిపోవును. ఉప్పుకాగితముతో రంగును పొడిగా గీకనేరాదు. పూర్వపు రంగులలో సీసము కలిసియుండుట కద్దు; ఆ పొడి పసిపిల్లలకును గర్భిణీ స్త్రీలకును హానికరము.

విప్పిన మరలు, నట్లు మొదలగు చిన్న సామానులకు మన వంటింటి చింతపండే చాలును. చిక్కని పులుసులో రాత్రి నానవేసి, ఉదయమున పాత పండ్లకుంచెతో తోమిన తుప్పు వదలును. పిదప వంటసోడా కలిపిన నీట కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాయవలెను. ఆలస్యమైనచో, ముఖ్యముగా వానకారున, మరల ఎఱ్ఱజీర కనబడును. బేరింగు గుండ్లను పులుసులో వేయరాదు. మెఱుగు పెట్టిన రిమ్ములను అల్యూమినియపు కాగితమును నలిపి, నీట ముంచి రుద్దవలెను. అది క్రోమియముకంటె మెత్తనిది గనుక గీతలు పడవు.

రంగు పోయి ఇనుము కనబడుచోట తుప్పును మాత్రము తీసి, పలుచగా అవిసెనూనె పట్టించి, మిగులును తుడిచివేసిన రెండు మూడు దినములలో గట్టి పొర కట్టును. ఇచ్చట ఒక హెచ్చరిక. అవిసెనూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో అవి తమంతట తామే వేడెక్కి మండగలవు. వానిని ఆరుబయట విప్పి ఆరవేయుడు, లేదా నీట ముంచియుంచుడు.

ఊరి పేరునందే ఆముదమున్నది గదా, చక్రములకు దానినే పోయుదుమా యని యెవరైన అడుగవచ్చును. ఒకప్పుడు అది యంత్రములకు ప్రశస్తమైన కందెనయే. 1909లో పుట్టిన క్యాస్ట్రాలు అను మోటారు నూనె పేరు ఆముదపు ఆంగ్లనామమునుండియే వచ్చినది. ఐనను ఆముదము కొన్నాళ్ళకు జిగురుగట్టి దుమ్ము పట్టును. కొబ్బరినూనె పుష్యమాసపు చలిలో పేరుకొనును. కాబట్టి బేరింగులకు గ్రీజును, చైనునకు కుట్టుమిషను నూనెయు వాడుట మేలు. తోలు సీటుకుగూడ చెప్పులకు రాచినట్లు ఆముదము విరివిగా రాచిన అది సాగి ఉయ్యాలవలె వ్రేలాడును.

ఇంతవఱకును ఇంట జరుగు పని. బ్రేకు రబ్బర్లు, చైను, పెడలు కాడను పట్టియుంచు కాటరు పిన్నులు మాత్రము పాతవి ఎంత ముచ్చటగా నున్నను మార్పింపవలసినవే. ఇరువదియెనిమిది అంగుళముల టైర్లు నేటికిని దొరకును. అన్నిటికంటె ముఖ్యముగా ముందు ఫోర్కునకు పైభాగమును, హ్యాండిలు గొట్టము అడుగును అనుభవశాలియైన మేస్త్రీచే విప్పించి చూపించవలెను. లోలోపల తిన్న తుప్పు పైకి కనబడదు. ఫోర్కు విఱిగిన ఎక్కినవారు ముఖముమీద పడుదురు. అచ్చట పగులు గాని, సుత్తితో తట్టినప్పుడు మొద్దు మ్రోత గాని యున్నచో ఆ భాగమును మార్చువఱకు అమ్మాయిని బండి ఎక్కనీయకుడు. మార్చిన ఫోర్కు నల్లగా మెఱయుచు మిగిలినదానితో కలియదని చింతింపనక్కఱలేదు.

మేమెఱిగిన యొక యింట వెనుక మడ్డుగార్డున పెద్ద సొట్ట యున్నది. దానిని తీసివేయుదునని మేస్త్రీ అనగా ముసలమ్మగారు ఒప్పుకొనలేదు. సొట్టను అట్లేయుంచి, దాని లోపలివైపు నిలిచియున్న బురదను గీకించి నూనె పట్టించిరి. ఆమె మనుమరాలు ఇప్పుడు ఆ బండిపైననే కళాశాలకు పోవుచున్నది.