మెదడు గాయం తరువాత సంభాషణ పునరావాసం: తెలుగు వ్యవహార దృష్టి

వ్యాససంగ్రహం: తలకు తీవ్రగాయమై కోలుకుంటున్నవారిలో మాట నిలిచినా సంభాషణ చెదిరిపోవచ్చు. ఈ భేదాన్ని తెలుగు మర్యాదావ్యవస్థ ఆధారంగా వివరించి, పునరావాసంలో కుటుంబసభ్యులు, భాషాపరిశోధకులు నిర్వహించదగిన పాత్రను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: మెదడు గాయం, పునరావాసం, సంభాషణ, మర్యాదావాచకాలు, మైలవరం.

1. ఉపోద్ఘాతం

ఎన్.టి.ఆర్. జిల్లాలోని మైలవరం విజయవాడ–తిరువూరు మార్గంలో ఉంది. ఇటువంటి పట్టణాలవారికి శస్త్రచికిత్స నగరంలో జరిగినా, పునరావాసంలో అధికభాగం ఇంట్లోనే సాగుతుంది. మొదటిది రోజులలో ముగిస్తే, రెండవది నెలలు, ఏళ్లు పడుతుంది.

గాయతీవ్రతను తొలిదశలో గ్లాస్గో కోమా స్కేలుతో అంచనా వేస్తారు. దీనిని 1974లో టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించారు. 3 నుండి 15 వరకు ఉండే ఈ కొలమానంలో 8, అంతకు తక్కువ తీవ్రగాయానికి సూచన. ఇందులో మాటకు సంబంధించిన అంశం ఉన్నప్పటికీ, అది స్పృహస్థాయిని తెలిపేదే గాని సంభాషణాశక్తిని కొలిచేది కాదు.

2. వాగ్లోపం, సంభాషణలోపం

పక్షవాతంలో ఎడమ అర్ధగోళపు భాషాకేంద్రాలు దెబ్బతింటే పదం తోచకపోవడం, వాక్యం కుదరకపోవడం వంటి అఫేసియా లక్షణాలు కనిపిస్తాయి. రోడ్డు ప్రమాదాలలో గాయం తరచుగా లలాట, కణత భాగాలకు, వాటిని కలిపే నాడీతంతువులకు వ్యాపిస్తుంది. అప్పుడు వ్యాకరణం చెక్కుచెదరకపోయినా అవధానం, స్మృతి, నిగ్రహం సన్నగిల్లవచ్చు. చెప్పినదే చెప్పడం, ప్రస్తావన దారితప్పడం, ఎత్తిపొడుపును గ్రహించలేకపోవడం దీని ఫలితాలు. ధారాళంగా మాట్లాడే వ్యక్తికి లోపమున్నదని ఇతరులు నమ్మకపోవడం ఇక్కడి ప్రధాన సమస్య.

ఈ సమస్యకు చట్టపరమైన పార్శ్వమూ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో అఫేసియా వల్ల కలిగే శాశ్వత వాగ్వైకల్యానికి చోటున్నది. మెదడు గాయం ప్రత్యేక వర్గంగా లేదు.

3. మర్యాదావ్యవస్థ

తెలుగులో ఎదుటివారి వయస్సు, వరుస, చనువు గమనించకుండా వారిని పలకరించలేము. "రా" అనాలా "రండి" అనాలా, "వచ్చావా" అనాలా "వచ్చారా" అనాలా అన్న నిర్ణయం ప్రతిసారీ జరుగుతుంది. దీనికి కావలసిన సామాజిక వివేచనలో లలాటభాగం పాత్ర ముఖ్యమైనది. నిగ్రహం సడలిన వ్యక్తి మామగారిని "నువ్వు" అంటే ఇంటివారు దానిని పొగరుగా భావించవచ్చు. మధ్యమపురుషలో ఒకే సర్వనామం వాడే ఇంగ్లీషు ఆధారంగా తయారైన పరీక్షను అనువదించుకుంటే, ఈ లోపం దానికి అందదు.

అయితే "నువ్వు" అన్నంతమాత్రాన దోషం కాదు. అమ్మను "నువ్వు" అని పిలవడం అనేక కుటుంబాలలో ఆప్యాయతకు గుర్తు. కావున ప్రమాణగ్రంథం కాదు, గాయానికి ముందు ఆ వ్యక్తి ఎవరిని ఎలా పిలిచేవాడన్నదే కొలమానం కావాలి. ఆ సమాచారం ఇంటివారి వద్దనే లభిస్తుంది.

4. కుటుంబం పాత్ర

ఆస్ట్రేలియాలో లియాన్ టోగర్ బృందం చేసిన పరిశోధనలో, గాయపడినవారికి మాత్రమే శిక్షణ ఇవ్వడం కన్నా వారితో నిత్యం మాట్లాడేవారికి కూడా ఇవ్వడం మెరుగైన ఫలితమిచ్చింది. టీవీ ఆపి మాట్లాడటం, ఒకసారి ఒకే విషయం అడగడం, జవాబుకు వ్యవధినివ్వడం, రోజు పనులను పుస్తకంలో రాసిపెట్టడం ఇంట్లో ఆచరించదగినవి. వరుస తప్పి పిలిచినప్పుడు నలుగురిలో మందలించక, సరియైన పిలుపును మెల్లగా అందించడం మేలు.

5. ఉపసంహారం

వైద్యుడు గాయాన్ని, వాక్చికిత్సకుడు లోపాన్ని గుర్తించగలరు. ఒక ప్రాంతంలో, ఒక వరుసలో ఏ పిలుపు సహజమో వర్ణించి చూపవలసినది భాషాపరిశోధకులు. కృష్ణా తీరపు కుటుంబాలలోని సంబోధనలను వయోవర్గాలవారీగా సేకరిస్తే, తెలుగు సంభాషణకు తగిన పరీక్షను రూపొందించడానికి అది పునాది అవుతుంది. జబ్బును పొగరుగా పొరబడి ఒక మనిషిని ఇంట్లోనే పరాయిని చేయకుండా ఆ జ్ఞానం ఉపకరిస్తుంది.