సంచి మనదైతే జవాబూ మనదే

దుబాయి విమానం ఎక్కే ముందు రోజు రాత్రి మన ఇళ్లు ఎట్లా ఉంటాయో అందరికీ తెలిసిందే. అమ్మ మామిడికాయ తొక్కు డబ్బాకు మూత బిగిస్తుంటుంది. అక్క సకినాలు మూట కడుతుంది. అంతలో వాడకట్టు పెద్దమనిషి ఒకాయన చిన్న పొట్లం పట్టుకొని వాకిట్లోకి వస్తాడు. "మావాడు కూడా అక్కడే ఉంటడు కద బిడ్డా, ఇది జర ఇయ్యి" అంటాడు. కాదనడానికి నోరు రాదు. పొట్లం సంచిలోకి పోతుంది.

మూడేళ్ల కింద మా సైటుకు రావలసిన ఒక తమ్ముడి కథ అట్లాంటి పొట్లంతోనే మొదలైంది. మా జగిత్యాల దిక్కు పిల్లగాడే, స్టీల్ ఫిక్సర్ పని. తీసుకురావడానికి కంపెనీ బండి ఎయిర్‌పోర్టుకు పోయింది. రాత్రంతా చూసి ఖాళీగా తిరిగొచ్చింది. పిల్లగాణ్ణి కస్టమ్స్ దగ్గర ఆపారని మరునాడు తెలిసింది. పొట్లంలో తినుబండారాల కింద నాలుగు షీట్ల నొప్పి గోలీలు ఉన్నాయి. "సంచి నీదేనా?" అని అడిగితే నాదే అన్నాడు. "మందులు నీవేనా?" అంటే కాదన్నాడు. ఎవరివి, దేనికి అంటే చెప్పలేకపోయాడు. డాక్టరు చీటీ లేదు. సంచి నాది, అందులోవి నావి కావు అంటే ఏ దేశంలోనైనా ఎవరు నమ్ముతారు?

రెండు నెలల తర్వాత వాణ్ణి ఇంటికి పంపించారు. సైటు గేటు కూడా చూడలేదు. తెచ్చిన అప్పు మాత్రం అట్లనే నిలిచింది. పొట్లం ఇచ్చిన పెద్దమనిషి చెడ్డవాడు కాదు. కొడుకు నడుం నొప్పి అంటే మెడికల్ షాపులో తెలిసిన గోలీలు కొని పంపాడు, అంతే. తప్పు చేద్దామని ఎవరూ అనుకోలేదు. అయినా ఒక ఇల్లు మునిగింది. పన్నెండేళ్లుగా ఇక్కడ సూపర్‌వైజర్‌గా కొత్తవాళ్లను సైటులో దించుకుంటున్నవాణ్ణి కాబట్టి, యూఏఈకి బయల్దేరే తమ్ముళ్లకు, వాళ్లను పంపే ఇంటివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సంచిలో ఏముంది?

మన దగ్గర మామూలుగా దొరికే మందులు కొన్ని ఇక్కడ కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి. ట్రమడాల్ ఉన్న నొప్పి గోలీలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, డయాజెపామ్ లాంటి నిద్ర గోలీలు అందులోవే. వీటిని వాడక తప్పనివాళ్లు బయల్దేరకముందే యూఏఈ ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. బీపీ, షుగర్ గోలీలైనా విడిగా కాగితంలో చుట్టి తేవద్దు. కంపెనీ షీటుతోనే ఉంచి, మీ పేరున్న ఇంగ్లీషు డాక్టరు చీటీ జతచేసి చేతి సంచిలో పెట్టుకోండి.

అమ్మలకు ఒక మాట. గసగసాలు ఇక్కడ నిషేధం. మనకది కూరలో వేసే దినుసు. ఇక్కడి చట్టానికి అది నల్లమందు మొక్క గింజ. విడిగానే కాదు, మసాలా పొడిలో కలిపి కూడా పంపొద్దు. నేను మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ మాంసం మసాలాలో వేసి పెట్టింది. ముందు వచ్చిపోయిన మా బావ చూసి తీయించాడు కాబట్టి బతికిపోయాను.

పక్కవాళ్ల పొట్లం తేవద్దనే నేను చెప్తాను. మరీ తప్పకపోతే వాళ్ల ముందే విప్పి, ప్రతిదీ చూసి, మందు అనేది ఏదున్నా తిరిగి ఇచ్చేయండి. వాళ్లకు కోపం వస్తే రానివ్వండి. కోపం నాలుగు రోజుల్లో పోతుంది, కేసు పోదు.

చేతిలో ఏ కాగితం ఉంది?

పాసుపోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పదో తరగతి పాసు కానివాళ్ల పాసుపోర్టు సాధారణంగా ఈసీఆర్ కిందికి వస్తుంది. వాళ్లు ఇక్కడికి పనికి రావాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్సు తప్పనిసరి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. లక్షో లక్షన్నరో అడిగి, రసీదు ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి.

"ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తరు" అనేది మన ఊళ్లలో ఎక్కువగా వినే మాట. విజిట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. మార్పించనే లేదనుకోండి, గడువు దాటిన రోజు నుంచి కల్లివల్లి బతుకే. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేరు.

క్లియరెన్సుతో వచ్చేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు వస్తాయి. దొడ్డిదారిన వచ్చినవాడి ఇంటికి ఆ ఆసరా ఉండదు. పాసుపోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితాల నకళ్లు ఒక సెట్టు ఇంట్లో పెట్టి రండి. మీకు ఏమైనా అయితే మీ ఇంటామె చేతిలో ఉండే ఆధారం అదే.

ఒళ్లు ఎట్లా ఉంది?

వచ్చాక రెసిడెన్సు వీసాకు రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేస్తారు. ముఖ్యంగా హెచ్‌ఐవీ, టీబీ చూస్తారు. హెచ్‌ఐవీ తేలితే వీసా రాదు. అందుకే అప్పు తేకముందే ఊళ్లో పరీక్ష చేయించుకోండి. టీబీ ఉంటే మన ప్రభుత్వ దవాఖానల్లో మందులు ఉచితం.

ఇక ఎండ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. మిగతా గంటల్లోనూ ఎండ తక్కువేమీ కాదు. మే నెల ఎండల్లో పని చేసినోళ్లం, మాకేమిటి అనుకోవద్దు. సముద్రపు తేమకు ఇక్కడ చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మొదటి ఒకటి రెండు వారాలే ఎక్కువ ప్రమాదం. నేను కొత్తవాళ్లకు మొదటి వారం నీడ పనే ఎక్కువ ఇస్తాను. దాహం వేసే దాకా చూడకుండా పదిహేను ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి. మూత్రం ముదురు పసుపులో వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. పక్కవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి. బండి వచ్చేలోపు నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోయండి. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు.

షుగర్, బీపీ ఉంటే సూపర్‌వైజర్‌కు చెప్పండి. పని తీసేస్తారనే భయంతో దాచేవాళ్లను చాలామందిని చూశాను. తెలిస్తే నీడలో వేరే పని చూడగలం. తెలియకపోతే మేమూ ఏమీ చేయలేం.

ఆపద వస్తే

పోలీసుకు 999, అగ్నిప్రమాదానికి 997. జీతం, పాసుపోర్టు, కేసుల కష్టాలకు భారత కాన్సులేట్ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 80046342. పాసుపోర్టు మనదే, దాన్ని అట్టిపెట్టుకునే హక్కు యజమానికి లేదు. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, ఒక చీటీ మీద రాసి జేబులోనూ పెట్టుకోండి.

పోయిన నెల ఆ పిల్లగాడి తమ్ముడు మా సైటుకు వచ్చాడు. క్లియరెన్సుతో, బీమాతో వచ్చాడు. సంచిలో నాలుగు జతల బట్టలు, అమ్మ పెట్టిన తొక్కు, అంతే. "వాడకట్టోళ్లు రెండు పొట్లాలు తెచ్చిన్రన్నా. కాళ్లు మొక్కి వాపస్ ఇచ్చిన. ఇంకా మొఖం మాడ్చుకునే ఉన్నరట" అన్నాడు. ఆ మొఖాలు రేపో మాపో మామూలు అవుతాయి. వీడు మాత్రం పొద్దున ఐదింటికి క్యాంపు బస్సు ఎక్కుతున్నాడు. మొదటి జీతం నుంచి అన్న అప్పు కడతానంటున్నాడు.