పాలెగాడైన తాతను ఎలా తలచుకోవాలి?

రేనాటి ఊళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇంటి పెద్దతాత లాంటివాడు. ఆయన ఊరు ఇవాళ ఆళ్లగడ్డ నియోజకవర్గంలో, నంద్యాల జిల్లాలో ఉంది. ఈస్టిండియా కుంఫిణీ మీద కత్తి పట్టినందుకు 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఆయనను ఉరితీశారు. తలను కోట మీద వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉందంటారు. 2019లో ఆయన మీద పెద్ద సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అభిమానానికి కొదవేమీ లేదు. కొదవల్లా ఆయనను మచ్చలతో సహా చూడగలిగే ధైర్యానికే. అలా చూసినప్పుడే జనం ఆయన వెంట ఎందుకు నడిచారో తెలుస్తుందని నా నమ్మకం.

మచ్చలు నిజమే. అవి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1800లో నిజాం, రేనాడు కూడా ఉన్న దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అప్పటిదాకా ఊళ్లను ఏలిన పాలెగాళ్ల అధికారాన్ని లాగేసి, చేతిలో పింఛను పెట్టాడు. పాలెగాళ్ల పాలనలో రైతులు సుఖపడ్డారని కూడా చెప్పలేం. వాళ్ల సాయుధ బలగాన్ని పోషించింది ఆ రైతుల కష్టమే. నరసింహారెడ్డి తల్లివైపు తాత నొస్సం జయరామిరెడ్డి అలాంటి పాలెగాడే. మనుమడి నాటికి ఆ వైభవంలో మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను. బంధువు చనిపోతే రద్దయిన పింఛనులో వాటా అడిగాడు, కాదన్నారు. తగాదా అలా ఇంటి డబ్బు దగ్గర మొదలైంది. 1846 జులైలో ఆయన మనుషులు కోవెలకుంట్ల ఖజానాను కొల్లగొట్టారు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నది దొరలు కాదు, జీతానికి పనిచేసే మనవాళ్లు. వాళ్లకూ పెళ్లాంబిడ్డలు ఉండి ఉంటారు. ఈ మాట దాచిపెట్టి ఆయన కథ చెబితే అది సగం కథే.

అయితే సొంత పింఛను కోసం కొట్లాడే ఒక్కడి వెనక వేల మంది ఎందుకు చేరారు? జవాబు కట్టుబడుల దగ్గర ఉంది. ఊరి కాపలా చూసే వీళ్లకు జీతానికి బదులు ఇనాం భూములు ఉండేవి. ప్రభుత్వం ఆ భూములను వెనక్కి తీసుకుంటుంటే వాళ్ల కడుపులు మాడాయి. రెడ్డికి పోయింది పింఛను, వాళ్లకు పోయింది చేను. రెండు నష్టాలూ ఒకే కచేరీ నుంచి వచ్చాయి. అనుచరుడు వడ్డె ఓబన్న లాంటివాళ్లు రెడ్డి పక్కన నిలబడింది అందుకే. అణచివేత తర్వాత దాదాపు వెయ్యి మంది మీద వారెంట్లు వచ్చాయి. 412 మందిని అభియోగాలు లేకుండా విడిచిపెట్టారు, 273 మందికి జామీను దొరికింది, 112 మందికి శిక్ష పడింది. ఒక పాలెగాడి మనుమడి అలక మాత్రమే అయితే ఇంత మంది జైలు గడప తొక్కి ఉండరు.

తప్పులు ఎత్తిచూపితే చచ్చినవాడిని అవమానించినట్టేనని కొందరు బాధపడతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మచ్చలేని వీరుడిని నిలబెడితే కట్టుబడులు ఆయన భక్తులుగా మిగిలిపోతారు. పోయిన చేలు, పడిన శిక్షలు అన్నీ కథ నుంచి జారిపోతాయి. ఇంకొందరు, అతనొక జమీందారు, తన హక్కు కోసమే పోరాడాడు, పూజ దేనికని అడుగుతారు. మొదలుపెట్టినప్పటి కారణం ఒక్కటే మనిషిని తూచదు. పింఛను అడిగినవాడు నల్లమల దారి పట్టి, పట్టిస్తే బహుమతి అని చాటింపు వేసినా లొంగక, అక్టోబరులో చిక్కేదాకా పోరాడాడు. అంతటి తెగువ పదకొండు రూపాయల కోసం పుట్టదు. ఇక తొలి స్వాతంత్ర్య యోధుడనే బిరుదు గురించి: తమిళ పాలెగాడు కట్టబొమ్మన్‌ను 1799లోనే ఉరితీశారు కనుక ఆ పందెం అనవసరం. 1857 తిరుగుబాటుకు పదేళ్ల ముందు రేనాడు తిరగబడింది, అది చాలు.

ఇదే ఉయ్యాలవాడలో 1866 కరువు నాడు వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని తలచుకోవడం తేలిక, ఆయన చేతికి నెత్తురంటలేదు. నరసింహారెడ్డిని తలచుకోవడమే కష్టం. కోవెలకుంట్లలో ఆయన పేరిట ఏ పలక పెట్టినా, దాని మీద ఖజానా దగ్గర చనిపోయిన ఉద్యోగుల ప్రస్తావన, శిక్షపడ్డ ఆ 112 మంది లెక్క కూడా చెక్కాలి.